తెల్లవాళ్ళ దయ్యాలు, వదినె పాదం

ఇంగ్లండు వాళ్ళు ఎప్పుడో తీసిన దయ్యాల సినిమాలు నాకు నచ్చాయంటే మా అమ్మాయి ఇప్పటికీ నమ్మదు. సినిమా అంటేనే దండగ అనే మనిషిని నేను. వయసులో ఉన్నప్పుడు కూడా టూరింగ్ టాకీసుకి వెళ్ళేవాళ్ళని చూసి, ఆ డబ్బుతో ఇంట్లోకి చింతపండు వస్తుంది కదా అనుకునేదాన్ని. అలాంటిది, పోయిన చలికాలం ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మధ్యాహ్నాలన్నీ ఆ సినిమాలతోనే గడిచాయి. నాతోపాటు ఎదుటి బిల్డింగులో ఉండే ఒకావిడ కూడా వచ్చి చూసేది. ఆవిడ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. సినిమాల సంగతి లేకుండా అది చెప్పడం నాకు చేతకాదు.

సినిమాలు తెచ్చింది మా మనవరాలు. కాలేజీకి సెలవులిచ్చారని ఇంటికి వచ్చింది. దాని చదువులో సినిమాలు చూడడం కూడా ఒక పాఠమట.

"సినిమాలు చూడ్డానికా మీ అమ్మా నాన్నా ఫీజులు కట్టేది?" అన్నాను.

"అమ్మమ్మా, ఇట్స్ ఎ రియల్ క్లాస్. పేపర్ రాయాలి నేను," అని కళ్ళు తిప్పింది.

లైబ్రరీ నుంచి ఒక సంచీ నిండా డిస్కులు మోసుకొచ్చింది. ఊరికే ఇస్తారని తెలిశాక నేనింకేమీ అనలేదు.

నా చదువు ఐదో తరగతి దాకా. ఇంగ్లీషు అక్షరాలు ఇక్కడికొచ్చాక పాల డబ్బాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నవే. కానీ ఆ సినిమాలకి మాటలు అంతగా అక్కర్లేదు. మొదట చూసినదాంట్లో, వానలో దారి తప్పిన కొందరు ఒక పాత సత్రంలో చేరతారు. ఒకరికొకరు ఎవరో తెలియదు. సత్రం ముసలాయన అందరికీ టీ పోసి ఇచ్చి, ఒక్కొక్కరి ముఖం చూసి ముందుముందు వాళ్ళకేం జరుగుతుందో చెబుతాడు. ఒక్కొక్కరిదీ ఒక కథ. అది అయిపోగానే మళ్ళీ ఆ సత్రం, ఆ పొయ్యి, ఆ కప్పులు. తరవాతి మనిషి వంతు.

నాకు పట్టేసింది. అందులో దుబారా లేదు. మన సినిమాలో దయ్యానికి ఒక పాట కావాలి, వెనకటి జన్మ కావాలి, నిమ్మకాయలు కోసే మంత్రగాడు కావాలి. ఇక్కడ పప్పు ఉడికేలోపు ఒక కథ తేలిపోతుంది. తప్పు చేసినవాడు మామూలుగా టై కట్టుకుని, మామూలుగా తడి గొడుగు మడుస్తూ ఉంటాడు. ఇల్లు అద్దంలా ఉంటుంది. కిటికీకి లేసు తెర, బల్ల మీద ఉతికిన గుడ్డ. అప్పుడు పైన ఎవరూ లేని గదిలో కుర్చీ జరిగిన చప్పుడు. అరుపుల్లేవు. చప్పుడు విన్న మనిషి కూడా టీలో చక్కెర కలుపుకోవడం మానడు. అక్కడే నా ఒళ్ళు జలదరించేది. సత్రంలో కూర్చున్నవాళ్ళు పక్కవాడి కథ విని ముసిముసిగా నవ్వుకుంటారు. తమ కథ కూడా అప్పటికే మొదలైపోయిందని ఒక్కరికీ తెలియదు.

ఎదుటి బిల్డింగు ఆవిడది కరీంనగర్ దిక్కు. కోడలికి పురుడు పోయడానికి వచ్చింది. నన్ను వదినె అనేది, నేనూ ఆవిడని వదినా అనేదాన్ని. కొడుకు ఆఫీసుకీ, కోడలు గదిలోకి నిద్రకీ వెళ్ళగానే, కోటు మీద శాలువా కప్పుకుని, మంచులో పార్కింగు దాటి మా ఇంటికి వచ్చేది. నేను కూర్చున్న సోఫాలో ఆ చివర కూర్చుని, సినిమా మొదలైన దగ్గర్నుంచీ నోరు మూసేది కాదు.

"తెల్లోళ్ళ దయ్యాలకు గూడ ఎంత మర్యాద చూడు వదినె! తలుపు కొట్టి, తీసేదాక ఆగి, అప్పుడు లోపలికొస్తున్నయి."

"మీ వాళ్ళ కంటే నయమే. మీ వాళ్ళు ఫోన్ చేయకుండా భోజనాల వేళకి దిగుతారు," అన్నాను.

"మీ గుంటూరోళ్ళు ఫోన్ చేసి పోయినా పెట్టరు గద!"

"ష్! అమ్మమ్మా, ఆంటీ, ప్లీజ్. ఇంపార్టెంట్ సీన్ ఇది," అని మనవరాలు మా ఇద్దరినీ గదిమేది.

ఒక మధ్యాహ్నం మంచు బాగా పడింది. ఆవిడ బూట్లలోకి మంచు దూరి సాక్సులు తడిసిపోయాయి. విప్పమన్నాను. వద్దంది.

"మంచిగనే ఉన్నయి తియ్యి."

"నీకు మంచిగానే ఉంటాయి. తడిసేది మా కార్పెట్టు."

నేను మాట రెండోసారి చెప్పే మనిషిని కాదు. వంగి, కుడికాలి సాక్సు పట్టుకుని లాగాను. అది రాలేదు. మళ్ళీ లాగితే అంటుకున్న చోటి నుంచి నెమ్మదిగా ఊడి వచ్చింది. బొటనవేలి కింద నుంచి అరికాలి మధ్యదాకా పుండు. పైన పసుపూ కొబ్బరినూనే కలిపి మెత్తి ఉంది. అంచులు నల్లబడ్డాయి. ముక్కుకి సోకిన వాసన పసుపుది కాదు.

ఆ అపార్టుమెంట్లలో గోడ వారగా, నేల పొడవునా రేకు పెట్టెలాంటి హీటరు ఉంటుంది. పాదాలకి చలి ఆగక ఆవిడ దాని మీద కాళ్ళు ఆనించి కూర్చునేదట. షుగరు ముదిరి పాదాలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. కాలుతున్న సంగతి కాలికి తెలియలేదు.

"నొప్పి లేదా?"

"కొంచెం గూడ లేదు. అదే కద మంచిది."

నాకు భయం వేసింది ఆ మాటకే. "మీ అబ్బాయికి చెప్పావా?"

"చెప్తే ఏమైతది? హాస్పిటల్ అంటడు. నా ఇన్సూరెన్స్ షుగర్‌కి పనికిరాదంట. మొన్ననే వాని టీమ్‌ల సగం మందిని తీసేసిండ్రు. కోడలు చూస్తే నిండు మనిషి. నేను చేయనీకి వచ్చిన్నా, చేయించుకోనీకి వచ్చిన్నా? పురుడు కాంగనే ఇండియా పోత. మా దగ్గర డాక్టర్ ఉన్నడు, చూపించుకుంట."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకప్పుడు సబబుగానే తోచింది. పిల్లల దగ్గరికి ఇక్కడికొచ్చే మా ఈడువాళ్ళందరం అంతే. మాత్రలు సూట్‌కేసులో సర్దుకుని తెచ్చుకుంటాం. పంటి నొప్పిని లవంగంతో, మోకాలి నొప్పిని వేడినీళ్ళ గుడ్డతో అణిచిపెట్టి, ఇండియా వెళ్ళాక చూసుకుందాం అంటాం. రోగం కూడా వీసా గడువు చూసుకుని ముదురుతుందనుకుంటాం. వేడినీళ్ళూ, మెత్తటి గుడ్డా తెచ్చి కాలు తుడిచాను. కోప్పడ్డాను కానీ, చెప్పి తీరాలని పట్టుబట్టలేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మనవరాలు మా ముందే, కార్పెట్టు మీద, మాకు వీపు పెట్టి కూర్చుంది. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని లాప్‌టాప్‌లో రాసుకుంటోంది. వదినె నా కుడిచెయ్యి పట్టుకుంది. ఎందుకో అర్థమయ్యేలోపే ఆ చెయ్యి తీసుకెళ్ళి పిల్ల నెత్తిన ఆనించి, పైన తన చెయ్యి అదిమిపెట్టింది.

"ఈ పిల్ల మీద ఒట్టు వదినె. నా కాలు ముచ్చట ఎవ్వరికి చెప్పవు."

చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. వదలలేదు. ఆవిడ అరచెయ్యి కాలిన పెనంలా ఉంది. మనవరాలు తల తిప్పి చూసి, పెద్దవాళ్ళం ఇద్దరం దీవిస్తున్నామనుకుని నవ్వింది.

ఒట్టు అంటే నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. మా అమ్మ ఎంత కోపంలోనూ మా చేత తల మీద ఒట్టు పెట్టించలేదు. పిల్లల తలలు ఆటవస్తువులా అనేది. నేనూ నా పిల్లల విషయంలో ఆ పని ఎన్నడూ చేయలేదు. ఇప్పుడు నా చెయ్యి నా మనవరాలి నెత్తిన ఉంది. మాట బయటికి చెప్పింది ఆవిడే అయినా, చెయ్యి నాది.

ఆ తరవాత కూడా సినిమాలు ఆగలేదు. ఆవిడ రావడమూ ఆగలేదు. ఆ నెలల్లో ఇక్కడ టీ తాగే వేళకే చీకటి పడుతుంది. మనవరాలు కిటికీ బ్లైండ్స్ కూడా దించేసేది. టీవీ వెలుగులో మేం ముగ్గురం. ఒక కథలో ఒకడు అద్దంలో తన వెనక నిలబడ్డ మనిషిని రోజూ చూస్తాడు. రోజూ ఆ మనిషి ఒక అడుగు ముందుకి వస్తుంటాడు. ఆ కథ చూస్తున్నంతసేపూ నేను టీవీని కాదు, వదినె కాలిని చూస్తున్నాను. ఆవిడ బూటు లేసులు కట్టుకోవడం మానేసింది. పార్కింగు దాటే నడక మారింది. వెచ్చటి గదిలో ఆ వాసన ఒక్కొక్క రోజు సోఫా ఈ చివరిదాకా వచ్చేది.

వాసన తెలియకుండా అగరువత్తులు వెలిగించాను. గదిలో పొగ అలారం గుండెలు పగిలేలా మోగింది. లోపలి గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న అల్లుడు చెవిలో ఫోనుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యా, ఏం కాలుతోంది?"

"ఏమీ లేదు బాబూ. దేవుడికి."

అతను టవలుతో అలారం కింద విసురుతుంటే వదినె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏం దేశమమ్మా! దేవునికి గూడ పర్మిషన్ తీసుకొని పొగ పెట్టాలె!"

నేను కూడా నవ్వాను. కానీ అతను అడిగిన మాట నా చెవుల్లోంచి పోలేదు. ఏం కాలుతోందో నాకు తెలుసు.

నా మనసు ఎటు తిరిగినా ఒకే చోటికి వచ్చి ఆగేది. చెబితే ఒట్టు పిల్ల మీద. చెప్పకపోతే ఆవిడ కాలు పోతుంది, కాలితో ఆగుతుందన్న నమ్మకం కూడా లేదు. "వదినా, నువ్వే చెప్పు మీ అబ్బాయికి," అని అడిగి చూశాను. "పురుడు కానియ్యి," అంది. మర్నాడు అడిగితే, "ఇంకొక్కసారి అంటే మీ ఇంటికి రాను," అంది. రాకపోతే ఆ కాలు ఎవరూ చూడని చోట ఉంటుంది కదా అని నోరు మూసుకున్నాను.

ఇక మేం ఆఖరున చూసిన సినిమా. అందులో చివరి కథ పెద్ద బంగళాలో జరుగుతుంది. ఇంటి ఇల్లాలు రోజురోజుకీ చిక్కిపోతూ ఉంటుంది. పడుకునే గది గోడలోంచి ఎవరో పిలుస్తుంటారు. ఆ గోడలో ఏముందో ఇంటి పనిమనిషికి తెలుసు. రోజూ పళ్ళెంలో టీ పెట్టుకుని మెట్లెక్కుతుంది. నోరు తెరుస్తుంది. మూసుకుంటుంది. పళ్ళెంతో దిగి వస్తుంది. కథ ముగిసేసరికి గోడ తెరుచుకుంటుంది, ఇల్లాలు ఉండదు. పనిమనిషి వంటింట్లో నిలబడి ఆ కప్పు కడుగుతూ ఉంటుంది.

మనవరాలు రిమోటు నొక్కి బొమ్మ ఆపింది.

"అమ్మమ్మా, ఆ మెయిడ్‌కి తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళ ఉప్పు తిన్న మనిషి. ఎలా చెబుతుంది?"

"దట్స్ సో డంబ్. గోడలో ఉన్నది కంటే షీ ఈజ్ వర్స్. అది దయ్యం, దానికి వేరే పని లేదు. ఈమె మనిషి కదా?"

మామూలుగా అయితే వదినె ఈ పాటికి ఏదో ఒకటి అని నవ్వించేది. చప్పుడు లేదు. తిరిగి చూశాను. తల సోఫా మీదికి వాల్చి ఉంది, కళ్ళు సగం మూసి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

"మా అమ్మ అచ్చింది వదినె. బయట నిలబడ్డది. తలుపు తియ్యి," అంది.

ఆవిడ తల్లి పోయి ఎన్నో ఏళ్ళయింది. నుదురు ముట్టుకుంటే నిప్పు. చీర కుచ్చెళ్ళు పైకి తీసి చూశాను. సాక్సు పైన పిక్క మీద ఎర్రటి చార ఒకటి మోకాలి వైపు పాకుతోంది.

ఒక్క క్షణం నాకొక తెలివి పుట్టింది. నోటితో చెప్పనక్కర్లేదు, కొడుకుని పిలిచి ఊరికే సాక్సు లాగేస్తే సరి, ఒట్టు తప్పినట్టూ కాదు అని. కానీ అన్ని మధ్యాహ్నాలు నేను చూసిందేమిటి? మాట అంచు పట్టుకుని పక్క సందులోంచి జారుకోబోయినవాళ్ళనే ఆ కథలు ముందు పట్టుకుంటాయి. పోనీ పిల్లకే చెప్పి, నీ తల మీద ఉంది, ఏం చేయమంటావు అని అడుగుదామా అనీ అనిపించింది. అది ఇంకా తప్పు. దాని తల అడ్డం పెట్టింది మేం. ఆ బరువు దాని చేత మోయించకూడదు. తప్పితే నేనే తప్పాలి, నా నోటితోనే తప్పాలి.

లేచి నిలబడి, పైకే అన్నాను. "నేను చెప్పేస్తున్నాను. వచ్చేదేదైనా నాకు రావాలి. దాని జోలికి పోకూడదు."

"ఎవరితో మాట్లాడుతున్నావ్ అమ్మమ్మా?" అంది మనవరాలు. టీవీలో పనిమనిషి కప్పు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

అల్లుణ్ణి కేకేశాను. ఫోను తీసుకుని వదినె కొడుకుకి నేనే చెప్పాను. "బాబూ, మీ అమ్మ కాలు కుళ్ళుతోంది. హీటరు మీద కాలింది. నాకు ముందు నుంచీ తెలుసు. ఇప్పుడు మనిషికి స్పృహ సరిగా లేదు. వెంటనే రా." మనవరాలు అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది.

కొడుకు ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులో పరిగెత్తుకొచ్చాడు. తల్లి కాలు చూశాడు. నా వైపు తిరిగాడు.

"ముందు నుంచీ అంటే ఎప్పటి నుంచి, ఆంటీ?"

"క్రిస్‌మస్ ముందు నుంచి."

అతను తల్లి వైపు తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. విషం రక్తంలోకి ఎక్కిందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే కాలే కాదు మనిషే దక్కేది కాదనీ చెప్పారట. పాదం నిలిచింది. ఆవిడ అక్కడ ఉండగానే కోడలు ప్రసవించింది, ఆడపిల్ల. పత్యం వండి పంపింది, బిడ్డకి నీళ్ళు పోసింది నేనే. ఆ ఇంట్లో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, అలాగని దగ్గరికీ తీయలేదు. మా అమ్మాయి మాత్రం నాతో చాలా రోజులు ముక్తసరిగా మాట్లాడింది. ఒట్టు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, లేకపోతే భయపడతారు. రెండూ నాకు వద్దు.

కానీ ఆ ఒట్టు ఉంది. మనవరాలు మెట్లు దిగినా, వంటింట్లో కత్తి పట్టుకున్నా నా చూపు దాని మీదే. ఒక రోజు కొద్దిగా దగ్గితే కషాయం కాచి పెట్టాను. ఒట్టు పెట్టించుకున్న మనిషే దాన్ని తీయాలి, అది ఒక్కటే దారి. సెలవులు అయిపోయాయి. పిల్ల తానే కారు నడుపుకుంటూ కాలేజీకి బయలుదేరే రోజు వచ్చింది. పొద్దున్నుంచీ సన్నటి వాన, నేల తాకగానే గడ్డకట్టే వాన. రేపు వెళ్ళమంటే వినలేదు. "అమ్మమ్మా, క్లాసెస్ స్టార్ట్. ఐ హావ్ టు గో." అది కారులో సామాను పెట్టుకుంటుంటే నేను జారుతూ పార్కింగు దాటి ఎదుటి బిల్డింగుకి వెళ్ళాను.

వదినె ఆస్పత్రి నుంచి వచ్చి కొద్ది రోజులే అయింది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, పక్కలో పసిబిడ్డతో కూర్చుని ఉంది. సగానికి సగం తగ్గిపోయింది. ముఖం మాత్రం వెలుగుతోంది.

"రా వదినె! నీ దయ్యాలెట్లున్నయి?"

నేను కూర్చోలేదు. "వదినా, నేను మాట తప్పాను. నన్ను ఎన్నయినా తిట్టు. కానీ ఆ ఒట్టు తీసెయ్యి."

"ఏం ఒట్టు?"

"పిల్ల తల మీద పెట్టించావు కదా. నీ కాలు సంగతి చెప్పకూడదని."

ఆవిడ నా వైపు వింతగా చూసింది. దాచుకునే చూపు కాదు, వేళాకోళం చూపు అసలే కాదు.

"నేనా? పిల్ల నెత్తి మీద? గంత పాపపు పని నేనెందుకు చేస్త వదినె? మంచు పడ్డ దినం నుంచి నాకేం యాదికి లేదు. అప్పటికే జ్వరం పట్టిందంట, డాక్టర్ చెప్పిండు. నీకే కలొచ్చినట్టుంది."

ఆవిడ అరచెయ్యి ఆ రోజు ఎంత వేడిగా ఉందో నాకు గుర్తుంది. గుర్తున్నది నాకొక్కదానికే.

"సరే, పెట్టలేదే అనుకో. తీసేశానని ఒక్క మాట అను."

"పెట్టనిది ఎట్ల తీస్త?" అని నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. ఏడ్చే పిల్ల చేతిలో బొమ్మ పెట్టినట్టు, "తీసిన తియ్యి, తీసిన. పో," అంది. ఆ వెంటనే పక్కలో బిడ్డ కదిలితే దాని వైపు తిరిగిపోయింది.

అలా తీస్తే తీసినట్టేనా? అడగడానికి ఎవరున్నారు? మెట్లు దిగి వస్తుంటే కింద పార్కింగులో పిల్ల కారు ఇంజను ఆన్‌లో ఉంది. అద్దం దించి, "బై అమ్మమ్మా! లోపలికి వెళ్ళు, పడిపోతావ్," అంది.

నేను అటువైపుకి తిరిగి వెళ్ళి, ముందు తలుపు తీసి దాని పక్కన కూర్చున్నాను.

"ఏంటి? ఇల్లు అక్కడే కదా?"

"కాలేజీ దాకా వస్తాను."

"వాట్? టూ అవర్స్ డ్రైవ్! మళ్ళీ ఎలా వస్తావు?"

"బస్సులుంటాయి."

"అమ్మమ్మా, ఆర్ యూ ఓకే? చెప్పులు వేసుకున్నావ్, కోటు లేదు..."

"మాటలు తగ్గించి రోడ్డు చూసి నడుపు," అన్నాను.

అది వాళ్ళమ్మకి ఏదో మెసేజ్ పెట్టి, వేడిగాలి పెంచింది. బెల్టు లాగి నేనే పెట్టుకున్నాను. పార్కింగు దాటి పెద్ద రోడ్డెక్కాం. చెట్ల కొమ్మల మీద నీళ్ళు గాజులా గడ్డకట్టి ఉన్నాయి. ముందు వెళ్తున్న ట్రక్కు ఎర్ర దీపాలు తప్ప ఏమీ సరిగా కనపడడం లేదు. పిల్ల కూనిరాగం తీస్తూ నడుపుతోంది. నేను చెయ్యి చాచి, దానికి అడ్డంగా, స్టీరింగు పక్కన డాష్‌బోర్డు మీద ఆనించి పెట్టాను. చెయ్యి నొప్పెడుతుంది తియ్యి అమ్మమ్మా అని అది రెండు మూడుసార్లు అంది. నేను తీయలేదు.